కస్టమ్ చేయించిన సింగిల్ యాక్షన్ రివాల్వర్లు: కొనేముందు చేత్తో, గేజ్‌తో చూసుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది: అడిగినవారు హ్యూస్టన్ దగ్గర ఉంటారు, గ్రీన్ కార్డు ఉంది. తుపాకులు సేకరించే ఒకాయన పోయాక ఆయన ఇంటివాళ్లు మూడు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, అంటే కాల్చే ప్రతిసారీ ముందు హ్యామర్‌ను (వెనకున్న సుత్తిని) చేత్తో లాగాల్సినవి, అమ్ముతున్నారు. ఒకటి సెకండ్ జనరేషన్ కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, .44 స్పెషల్ తూటాది, చెక్కుడు పని, ఏనుగు దంతం పిడి. రెండోది .357 నుంచి .44 స్పెషల్‌కు మార్చిన ఓల్డ్ మోడల్ రూగర్ బ్లాక్‌హాక్, కణుజు కొమ్ము పిడి. మూడోది ఐదు గదుల సిలిండర్ వేసిన రూగర్ బిస్లీ, .500 లైన్‌బా. ఏం చూసి కొనాలి, ఎక్కడ మోసపోతాం, కొన్నాక ఏం మార్చొచ్చు అని అడిగారు.

సమాధానం:

"కస్టమ్" అన్న ఒక్క పేరు మీద రెండు రకాల సరుకు అమ్ముడవుతుంది. చేయి తిరిగిన గన్‌స్మిత్ ఫ్రేమ్‌ను కొలిచి, దానికి తగ్గట్టు సిలిండర్ బోర్ చేసి కట్టింది ఒకటి. గ్యారేజీలో బఫింగ్ వీల్ పెట్టి మెరిపించింది ఇంకొకటి. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఫొటో చూసి బయానా ఇవ్వకండి. వెళ్లేటప్పుడు సందు కొలిచే ఫీలర్ గేజ్ సెట్ (ఒకటిన్నర థౌ రేకు కూడా ఉన్నది), చిన్న టార్చ్, పదిరెట్ల లూప్ (భూతద్దం), .429 నుంచి .433 దాకా పిన్ గేజ్‌లు (రంధ్రం కొలిచే కడ్డీలు), రెండు స్నాప్ క్యాప్‌లు (డమ్మీ తూటాలు) తీసుకెళ్లండి. అన్నీ కలిపి ఒక జేబులో పడతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, లేత్ షెడ్డులో అనే మాటే.

చేతికి అందగానే ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి. "ఖాళీయే అండీ" అని ఎవరన్నా సరే. కోల్ట్‌లోనూ, ట్రాన్స్‌ఫర్ బార్ (దాని సంగతి కింద ఉంది) వేయించని ఓల్డ్ మోడల్ రూగర్‌లోనూ హ్యామర్‌ను హాఫ్ కాక్ (సగం లాగితే ఆగే మెట్టు) దాకా లాగి, కుడివైపు లోడింగ్ గేట్ తెరిచి, సిలిండర్‌ను ఒక్కో గది చొప్పున తిప్పుతూ ఆరూ చూడాలి. 1973 నుంచి వచ్చిన న్యూ మోడల్ రూగర్లలో హ్యామర్ ముట్టుకోనక్కర్లేదు, గేట్ తెరిస్తే చాలు, సిలిండర్ తిరుగుతుంది. మీ బిస్లీ ఈ రకమే.

ఇప్పుడు అసలు పరీక్ష, టైమింగ్, అంటే హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ కూడా సరిగ్గా తన గాడికి చేరడం. దీనికి తొందర పనికిరాదు. ఎడమ చేతి వేలు సిలిండర్ పక్కన తేలిగ్గా ఆనించి, కాస్త బ్రేకు వేసినట్టు పట్టుకుని, కుడి బొటనవేలితో హ్యామర్‌ను వీలైనంత నెమ్మదిగా వెనక్కి లాగండి. మంచి కోల్ట్‌లో నాలుగు క్లిక్కులు వినిపిస్తాయి. మొదటిది సేఫ్టీ నాచ్. రెండోది హాఫ్ కాక్. మూడోది కింద నుంచి బోల్ట్ (సిలిండర్‌ను కదలకుండా పట్టే గుబ్బ) లేచి సిలిండర్ మీద పడటం. నాలుగోది ఫుల్ కాక్ (హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి నిలవడం), బోల్ట్ గాడిలో కూర్చోవడం. నాలుగో క్లిక్కులో ఈ రెండు పనులూ ఒక్క క్షణంలో జరగాలి. హ్యామర్ ఫుల్ కాక్‌లో నిలబడిపోయి, సిలిండర్ మాత్రం గాడికి చేరక వేలితో తోస్తే టిక్కుమని కూర్చుంటే, టైమింగ్ వెనకబడింది. సిలిండర్‌ను నెట్టే హ్యాండ్ అరిగిపోయి పొట్టిదైందన్నమాట. దానికి ఉల్టా కూడా చూడాలి: బోల్ట్ ముందే గాడిలో కూర్చుండిపోయి, హ్యామర్ ఇంకా వెనక్కి రావాల్సి ఉండి బిగుసుకుంటుంటే హ్యాండ్ పొడుగెక్కువ. అలాంటిదాన్ని బలవంతంగా లాగుతూ పోతే బోల్ట్, గాడి రెండూ నలుగుతాయి.

ఒక్క గదిలో చూసి వదిలేయకండి, ఆరింటిలోనూ చూడండి. సిలిండర్ వెనక ఉన్న రాచెట్ పళ్లు ఒక్కోటి ఒక్కో రకంగా అరుగుతాయి. ఐదు బాగుండి ఆరోది వెనకబడటం చాలా మామూలు. అమ్మేవాళ్లు చూపించేది ఆ ఐదింటిలో ఒకటే అవుతుంది.

సిలిండర్ చుట్టూ గాడుల మధ్య గీత ఉందా చూడండి. కోల్ట్‌లో బోల్ట్ సరిగ్గా గాడి ముందున్న చిన్న వాలులో పడాలి. అది ముందే పడుతుంటే చుట్టూ రింగులా గీత పడుతుంది. హాఫ్ కాక్ నుంచి హ్యామర్‌ను అలాగే కిందికి దించే అలవాటు ఉన్నవాడి చేతిలో కూడా ఇదే గీత వస్తుంది. గేట్ మూసి, ఫుల్ కాక్ దాకా లాగి, అప్పుడు దించాలి. రూగర్‌లో మాత్రం ఈ గీతను పెద్ద లోపంగా చూడరు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటికీ వస్తుంది. మంచి గన్‌స్మిత్ చేసిన రూగర్‌లో గీత లేకపోతే అది ఆయన పనితనం.

తర్వాత పుష్ ఆఫ్. అమ్మేవాళ్ల అనుమతి అడిగి, ఖాళీ తుపాకిని ఫుల్ కాక్‌లో పెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా హ్యామర్ స్పర్ (వేలితో లాగే తోక) వెనక బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టండి. రెండో చెయ్యి హ్యామర్ దగ్గరే ఉండాలి. అది జారి పడితే అక్కడితో ఆపండి. ట్రిగ్గర్ తేలిక చేయాలన్న మోజులో ఫుల్ కాక్ నాచ్‌ను, ట్రిగ్గర్ మొనను రాయితో అరగదీసేశారు. కోల్ట్‌లో ఆ భాగాలకు పైన పలుచని గట్టి పొర మాత్రమే ఉంటుంది. ఆ పొర దాటి రుద్దితే లోపల మెత్తటి ఇనుము బయటపడుతుంది. ఆ రోజు రెండు పౌండ్ల ట్రిగ్గర్ కమ్మగా ఉంటుంది, ఏడాదిలో దానంతటదే జారుతుంది. రెండున్నర నుంచి మూడు పౌండ్ల మధ్య, జరుగుడు లేకుండా ఒక్కసారిగా వదిలే ట్రిగ్గర్ ఉంటే సంతోషించండి. రెండు లోపు ఉంటే అనుమానించండి.

సిలిండర్ ముందు భాగానికీ బ్యారెల్ వెనక అంచుకీ మధ్య సందు ఇంకో కొలత. సిలిండర్‌ను వెనక్కి నొక్కి పట్టి ఒకసారి, ముందుకు నొక్కి పట్టి ఒకసారి ఫీలర్ గేజ్ పెట్టండి. రెండింటి తేడాయే ఎండ్ షేక్, అంటే సిలిండర్ ముందూవెనకా ఆడే ప్లే. సందు 4 నుంచి 6 థౌ ఉంటే బాగుంది. కస్టమ్ పనిలో 2 నుంచి 3 థౌ పెడతారు. అంతకన్నా తగ్గిస్తే పది తూటాలకే మసి పట్టి సిలిండర్ తిరగదు. 8 థౌ దాటితే పక్కలకు సీసం, నిప్పు చిమ్మడం మొదలవుతుంది. ఎండ్ షేక్ 3 థౌ లోపు ఉండాలి. ఎక్కువుంటే కోల్ట్‌కు బుషింగ్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చడం, రూగర్‌కు షిమ్ (పలుచని రింగు) వేయడం. ఇది పెద్ద ఖర్చు కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

ఇక మీ మూడింటి సంగతి.

కోల్ట్ ముందు. సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873లో అమెరికా సైన్యానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వేళకు తయారీ ఆగింది, 1956లో మళ్లీ మొదలైంది. ఈ రెండో విడతనే సెకండ్ జనరేషన్ అంటారు. నంబరు చివర ఎస్ఏ అక్షరాలు ఉన్నాయి కాబట్టి సెకండ్ జనరేషన్ అని చెబితే నమ్మకండి. 1976లో మొదలైన థర్డ్ జనరేషన్ కూడా 80000 ఎస్ఏ నుంచి అదే వరసలో నడిచింది. నంబరు అంతకన్నా తక్కువ ఉండాలి. ఈ తేడా కేవలం ధర కోసం కాదు. థర్డ్ జనరేషన్‌లో బ్యారెల్ మరలు అంగుళానికి 20 నుంచి 24కు మారాయి, హ్యాండ్, రాచెట్ కూడా మారాయి. రేపు భాగం విరిగితే ఏది కొనాలో తెలియకపోతే డబ్బు దండగ.

చెక్కుడు పనిని ఏటవాలు వెలుగులో లూప్ పెట్టి చూడండి. చెక్కిన గీత లోపలి అంచు పదునుగా, అడుగు మెరుస్తూ ఉండాలి. ఫ్యాక్టరీలో చెక్కారని చెబితే కోల్ట్ ఆర్కైవ్ లెటర్ చూపించమనండి. ఆ లెటర్ ఆ నంబరు ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలో, ఏ ఫినిష్‌తో, ఎవరికి వెళ్లిందో చెబుతుంది. అందులో సాదా నీలి ఫినిష్ అని ఉంటే చెక్కుడు తర్వాత చేయించిందే. అంతమాత్రాన చెత్త కాదు, కానీ ఫ్యాక్టరీ చెక్కుడు ధర పెట్టకూడదు.

ఫ్రేమ్ మీద రంగులు ఇంకో చోటు. అసలైన కలర్ కేస్ హార్డెనింగ్ ఎముక బొగ్గు, కట్టె బొగ్గు మధ్య పెట్టి కాల్చి నీళ్లలో ముంచితే వస్తుంది. బూడిద, నీలం, గోధుమ రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అంచు ఎక్కడో చెప్పలేనట్టు ఉంటాయి. సైనైడ్ పద్ధతిలో చేసింది పులి చారల్లా వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం బ్లూమ్‌ఫీల్డ్‌లోని టర్న్‌బుల్ రెస్టొరేషన్ లాంటి చోట పాత పద్ధతిలోనే చేస్తారు, అలా చేయించిన బిల్లు ఉంటే అది విలువే. ఈ కాల్పులో ఫ్రేమ్ ఒక్కోసారి కొద్దిగా వంగుతుంది. పిడి చట్రం ఫ్రేమ్‌కు కలిసే చోట గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకుంటే రెండింటినీ కలిపి పాలిష్ చేయలేదు, లేదా కాల్పులో కదిలింది. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా పల్లం పడ్డా, బ్యారెల్ మీద అక్షరాలు ఒకవైపు మాసిపోయినా అది బఫింగ్ వీల్ చేసిన పని. ఎంత మంచి బ్లూయింగ్ (నీలి ఫినిష్) వేసినా అది దాగదు.

దంతం పిడి కింద అడుగున చూడండి. ఏనుగు దంతమైతే అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి దాటే సన్నని వంపు గీతలు అల్లికలా కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో ఆ అల్లిక రాదు, వరసగా సమాంతర గీతలుంటాయి. పాత సెల్యులాయిడ్ అయితే ఇంకో తంటా, అది కుళ్లుతూ యాసిడ్ ఆవిరి వదిలి పిడి కింద ఇనుమును తినేస్తుంది. నిజంగా దంతమే అయితే కాగితం ముఖ్యం. 2016 నుంచి అమెరికాలో రాష్ట్రాల మధ్య ఏనుగు దంతం అమ్మకం మీద గట్టి నిబంధనలున్నాయి, నూరేళ్లు దాటిన వస్తువులకూ కొన్ని తక్కువ బరువువాటికీ మినహాయింపు ఉంటుంది, అది రుజువు చేయాల్సింది అమ్మేవాళ్లు. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇంకా కఠినం. రేపు మీరు అమ్మాలన్నా ఇదే అడ్డొస్తుంది. నా సలహా, పిడికి విడిగా ధర కట్టొద్దు.

రెండోది, రూగర్. మూడింటిలో నాకు బాగా నచ్చే ఆలోచన ఇదే. 1955లో వచ్చిన .357 బ్లాక్‌హాక్ ఫ్రేమ్ దాదాపు కోల్ట్ సైజు. దాంట్లో .44 స్పెషల్ చక్కగా పడుతుంది. లోపల కోల్ట్ పలుచని ఆకు స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులుంటాయి. కోల్ట్‌లో తరచూ విరిగేవి బోల్ట్ స్ప్రింగు, హ్యాండ్ స్ప్రింగు. ఇక్కడ ఆ బాధ లేదు. అమెరికన్ తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ 1920ల్లో .45 వదిలి .44 స్పెషల్‌కు మారడానికి కారణం కూడా గది గోడల మందమే. .45 కోల్ట్ సిలిండర్‌లో బోల్ట్ గాడి సరిగ్గా గది మీదే పడుతుంది, అక్కడ ఇనుము చాలా పలుచన. .44లో కాస్త మిగులుతుంది.

మార్పిడి ఎలా చేశారో అడగండి. సిలిండర్ గదులు పెద్దవి చేసి, బ్యారెల్ కొత్తది వేశారా, లేక పాత బ్యారెల్ బోర్ చేసి లైనర్ (లోపలికి కొత్త గొట్టం) దించారా? రెండూ సరైనవే, మూతి దగ్గర లైనర్ వలయం కనిపించకుండా ఉంటే చేసినవాడు మంచి చేతివాడు. గది ముందు భాగం, అంటే థ్రోట్, పిన్ గేజ్‌తో కొలవండి. .430 నుంచి .431 ఉండి ఆరూ ఒకేలా ఉండాలి. .429 పిన్ బిగుతైతే తూటా బ్యారెల్‌కు చేరేలోపే నలిగి చిన్నదవుతుంది, తర్వాత ఎంత మంచి బ్యారెలైనా గురి నిలవదు. .433 దూరితే గ్యాసు పక్కనుంచి జారి సీసం కరిగించి బ్యారెల్లో అంటిస్తుంది. రూగర్లలో ఇంకో జబ్బు, బ్యారెల్ ఫ్రేమ్‌లోకి బిగిసే చోట లోపల కాస్త ఇరుకవుతుంది. మెత్తటి సీసం ముక్కను కట్టె రాడ్‌తో మూతి వైపు నుంచి నెట్టితే చివరి అంగుళంలో చెయ్యి ఆగినట్టు తెలుస్తుంది.

ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగినప్పుడే హ్యామర్ దెబ్బను ఫైరింగ్ పిన్‌కు చేరవేసే పలక) వేయించుకోనా అని కూడా అడిగారు. ఓల్డ్ మోడల్లో హ్యామర్ దించి ఉన్నప్పుడు అది నేరుగా ఫైరింగ్ పిన్ (తూటాను వెనక నుంచి పొడిచే సూది) మీద ఆనుతుంది. కింద పడితే పేలొచ్చు. రూగర్ కంపెనీ ఈ మార్పిడిని ఉచితంగా చేసి, పాత భాగాలు తిరిగి పంపుతుంది. మార్చారో లేదో బయట స్క్రూలు చూసి చెప్పలేం, రెంటికీ మూడే ఉంటాయి. హ్యామర్ లాగి లోపలికి చూస్తే పైకి లేచే పలక కనిపిస్తే మార్చినట్టు. ఇది కస్టమ్ యాక్షన్ కాబట్టి నేనైతే పంపను, గన్‌స్మిత్ చేసిన ట్రిగ్గర్ పని మొత్తం ఆ భాగాలతో పోతుంది. ఐదు తూటాలే నింపండి: ఒకటి వేసి, ఒక గది వదిలి, నాలుగు వేసి, ఫుల్ కాక్ దాకా లాగి దించితే హ్యామర్ ఖాళీ గది మీద ఉంటుంది. కోల్ట్‌కూ ఇదే. ఇప్పటికే మార్చి ఉంటే పాత భాగాల సంచి అడిగి తీసుకోండి. అది లేకపోతే ధర తగ్గాలి.

తూటా విషయం ఒక్కటి గట్టిగా చెబుతా. .44 స్పెషల్ ప్రామాణిక పీడనం 15,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .44 మ్యాగ్నమ్ 36,000. తుపాకులు సేకరించే పాతవాళ్ల డబ్బాల్లో చేత్తో నింపిన తూటాలు ఉంటాయి, అట్ట మీద "హెవీ" అని పెన్సిల్ రాత ఒక్కటే ఉంటుంది. తుపాకితో పాటు ఉచితంగా ఇచ్చినా కాల్చకండి. విప్పి ఇత్తడి గుల్లలు ఉంచుకుని మందు పారేయండి.

ఆ కొమ్ము పిడి మన దేశానిది అయ్యుండొచ్చు. కణుజు కొమ్ము లోపల గట్టిగా, బెండు తక్కువగా ఉంటుంది కాబట్టి పాత పిడులకు అదే వాడేవారు. 1990ల చివర్లో భారత్ ఎగుమతి ఆపేశాక అమెరికాలో పాత నిల్వల ధర బాగా పెరిగింది. పసుపు తిరిగి, గాడుల్లో గోధుమ రంగు నిలిచిన జత, రెండు పలకలూ ఒకే మందంలో ఉంటే దాన్ని తీయించకండి.

మూడోది, ఐదు గదుల బిస్లీ. .500 లైన్‌బా 1980ల్లో వయోమింగ్‌లో జాన్ లైన్‌బా తెచ్చింది, మొదట్లో .348 వించెస్టర్ తూటా ఇత్తడి గుల్లను 1.4 అంగుళాలకు కోసి చేసేవారు. ఐదు గదులు ఎందుకంటే, బోల్ట్ గాడులు గదుల మీద కాకుండా గదుల మధ్య మందంలో పడతాయి. మంచి పనిలో సిలిండర్‌ను ఫ్రేమ్‌లో బిగించి, బోల్ట్‌తో లాక్ చేసి, బ్యారెల్ రంధ్రం గుండానే గదులు బోర్ చేస్తారు. అలా చేసిందా లేదా అన్నది కళ్లతో చెప్పలేం. ఆ కాలిబర్ రేంజ్ రాడ్ (బ్యారెల్, గది ఒకే వరసలో ఉన్నాయో చూసే కడ్డీ) ఉన్న గన్‌స్మిత్ దగ్గర మూతి వైపు నుంచి రాడ్ వేయించండి, ఐదు గదుల్లోకీ ఎక్కడా తట్టకుండా దిగాలి.

దీని మీద ఎవరు చేశారో, ఏ కాలిబరో చెక్కి ఉండాలి. లేకపోతే సెర్రోసేఫ్ పోసి గది అచ్చు తీయించండి. అది వేడి నీళ్లలో కరిగే లోహం. పోసిన అరగంటలో కుంచించుకుంటుంది, తీయడానికి వీలవుతుంది. కొలత మాత్రం పోసిన గంటకు తీసుకోవాలి, అప్పుడే గది అసలు సైజులో ఉంటుంది. ముందు కొలిస్తే తక్కువ, మర్నాడు కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.

ఇంత తన్నే తుపాకిలో బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) ముందుకు ఎగిరి ఎజెక్టర్ రాడ్‌ను (ఖాళీ గుల్లలు తోసే కడ్డీని) పట్టేస్తుంది. అందుకే మంచివాళ్లు కొంచెం లావు పిన్ వేసి, బ్యారెల్‌కు ఆనేలా చిన్న సెట్ స్క్రూ పెడతారు. అది ఉందో చూడండి. లావు పిన్ వేసినప్పుడు దాని వెనక కొసన ఉండే చిన్న స్ప్రింగు గుండీ స్వేచ్ఛగా ఆడాలి, ట్రాన్స్‌ఫర్ బార్‌ను వెనక్కి నెట్టేది అదే. అది ఇరుక్కుంటే బార్ హ్యామర్ కింద నలిగి కొన్నాళ్లకు విరుగుతుంది. ఇంకా, సిలిండర్ పైనుంచి వెళ్లే ఫ్రేమ్ కడ్డీలో, ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ, గాడుల మూలల్లో లూప్‌తో వెంట్రుకంత పగులు వెతకండి. దీని ఫ్యాక్టరీ తూటాలు తక్కువ చోట్ల దొరుకుతాయి. తూటాలు మీరే నింపుకునే ఉద్దేశం లేకపోతే ఇది గోడకు పెట్టే వస్తువవుతుంది, ధర ఆ లెక్కన ఆలోచించండి.

మూడూ కాకపోతే ఒక్కటి ఎంచుకోమంటే, కొలతలు సరిపోతే రూగర్ .44. కోల్ట్‌కు ఆర్కైవ్ లెటర్ వచ్చేదాకా ఆగండి. బిస్లీ రేంజ్ రాడ్ చూశాక.

ఇంటికి తెచ్చాక తోలు హోల్‌స్టర్‌లో పెట్టి భద్రపరచకండి. తోలులో ఉండే ఆమ్లం, హ్యూస్టన్ తేమ కలిస్తే ఒక్క వేసవిలో సిలిండర్ మీద తుప్పు గుంటలు పడతాయి. హోల్‌స్టర్ విడిగా, తుపాకి మీద పలుచగా రినైసాన్స్ వ్యాక్స్ (మైనం), బీరువాలో తేమ 45 నుంచి 50 శాతం. కేస్ కలర్ మీద క్షారం ఉన్న క్లీనర్లు, ఎండ తగలనివ్వకండి, రంగు వెలిసిపోతుంది. దంతానికి నూనె పూయకండి.

కాగితాలు: స్నేహితుల మధ్య అమ్మకమే అయినా లైసెన్సున్న డీలర్ ద్వారా 4473 ఫారం (తుపాకి కొనేవాళ్ల ఫెడరల్ ఫారం) నింపి కొనండి. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్1బీ మీద ఉన్న తమ్ముడో బావమరిదో పేరున కొనే ఆలోచన ఉంటే మానుకోండి, వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకి ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఎప్పుడైనా హైదరాబాద్ తిరిగొచ్చేస్తే వీటిని సామానులో వేసుకుని రాలేరు. భారత ఆయుధాల చట్టం కింద ముందే లైసెన్సు కావాలి, 2019 సవరణ తర్వాత ఒకరికి రెండే. దంతం పిడి అయితే అసలు రాదు. ఆ రోజు ఎవరికి అమ్ముతారో ఇప్పుడే ఆలోచించి, గన్‌స్మిత్ బిల్లులు, పాత భాగాల సంచి, ఇప్పుడు మీరు కొలిచిన అంకెలు రాసిన కాగితం, అన్నీ ఒకే డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మీద తుపాకి నంబరు రాసి ఉంచండి.